సంఘం షాట్ నేర్పిన పాఠం

ఖరగ్‌పూర్‌లోని ఇందాలో మా పిన్ని మేడ మీద వడియాలు పెట్టిన పాత చీరను సాయంత్రం దులిపితే నల్లటి మసి రాలుతుంది. ఖరగ్‌పూర్ చుట్టూ స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలున్నాయి. “ఈ మసి సంగతి ఎవరైనా రాస్తారేంట్రా?” అంటుంది పిన్ని. కోల్‌కతా పత్రికలకు మేం తెలుగువాళ్లం, హైదరాబాద్ పత్రికలకు బెంగాల్ వాళ్లం. బీఎన్‌ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా మాటకు రెండు చోట్లా అంచే మిగిలింది.

పర్యావరణం మీద సొంతంగా వార్తలు చేస్తూ బతకొచ్చా అని ఇక్కడి కాలేజీ పిల్లలు అడిగినప్పుడు, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కథ చెబుతాను.

దూరదర్శన్ ప్రొడ్యూసర్‌గా పనిచేసిన పి.వి. సతీశ్, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపకుల్లో ఒకరు. అక్కడ ఊరూరా సంఘాలు కట్టిన దళిత మహిళలు బీళ్లను సాగులోకి తెచ్చారు, చిరుధాన్యాల విత్తనాలు దాచారు. ఆ తర్వాత కెమెరా పట్టారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్, ఎందుకంటే ఊరి పటేల్ దొర వాళ్లను చూసేది అలాగే. కెమెరాను కళ్లకు ఎదురుగా నిలిపితే అది సంఘం షాట్, అందరూ సమానంగా కూర్చున్నట్టు. కెమెరా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేను వినలేదు.

2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి రాగానే వాళ్లు వరంగల్ రైతుల చేలకు వెళ్లారు. ఒక్కరోజు వెళ్లి నాలుగు మాటలు రికార్డు చేసుకుని వచ్చేయలేదు. పంట కాలమంతా మళ్లీ మళ్లీ వెళ్లి, రైతు ఆశ కోపంగా మారడాన్ని సినిమాగా తీశారు.

వాళ్ల రేడియో కథ ఓపిక నేర్పుతుంది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో యునెస్కో సాయంతో 1998 నాటికే స్టూడియో సిద్ధమైంది. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతినిచ్చే విధానం మాత్రం 2006లో గానీ రాలేదు. సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలుపెట్టింది. ఆ పదేళ్లూ జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ లాంటి సంఘం మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వినిపించారు. అదీ తమ జహీరాబాద్ యాసలోనే.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లమైన మనకూ వాళ్లకూ ఒక తేడా ఉంది. వాళ్లకు ముందు సంఘం, తర్వాత మైకు. మనకు ఫోన్ ముందే చేతికొచ్చింది, సంఘం ఇంకా లేదు. ట్రాన్స్‌ఫర్లతో, రిటైరయ్యాక క్వార్టర్లు ఖాళీ చేయడంతో మన జనం చెల్లాచెదురయ్యారు. కాబట్టి ఈ దారిలోకి వచ్చే పిల్లలకు మొదటి పని వీడియో కాదు, వాకిళ్లు తిరగడం. బెంగాలీ, హిందీ కలిసిన మన రైల్వే తెలుగులోనే మాట్లాడించాలి. ఒక ఏడాది పాటు అదే మేడ ఎక్కి, ఏ నెలలో ఎంత మసి పడిందో తేదీ వేసి దాచాలి. తీసింది ముందుగా ఆ వీధివాళ్లకే చూపించాలి. మొదట్లో జీతం ఉండదు, ఇల్లు గడవడానికి పక్కన ఇంకో పని చూసుకోవాల్సిందే. అయినా నలుగురూ నమ్మి పిలిచే మనిషి కావడమే ఈ వృత్తికి పెట్టుబడి.

పోయిన ఆదివారం ఒక అమ్మాయి ఫోన్ పట్టుకుని మా మేడ ఎక్కింది. నిలబడి తీయబోయి ఆగి, పిన్ని పక్కన చాప మీద కూర్చుంది. పిన్ని చీర దులిపింది.