ఎన్నో పూట పాలు?

చీజ్‌ని తెలుగులో ఏమంటారని అడిగితే నిఘంటువులు చాలావరకు ‘జున్ను’ అనే చెప్తాయి. చిన్నప్పట్నుంచీ నాకు దాంతో పేచీయే. పిజ్జా మీద తీగలు సాగేది జున్నేమిటండీ? జున్నంటే గేదె ఈనిన ఇంట్లో బెల్లం, మిరియాలపొడి వేసి, ఆవిరి మీద ఉడికించి దించిన గిన్నెలో, గరిట పెడితే వణుకుతూ లేచేది. అది నెలల తరబడి దాచుకునే సరుకు, ఇది రేపటికి మిగిలితే గొప్ప. రెండింటికీ పొత్తు కలిపిన పెద్దమనుషులు జున్ను తిని ఉండరని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం పోయిన జూన్‌లో కాస్త సడలింది.

మేముండేది ఫిన్లాండులో, హెల్సింకీ పక్కనున్న ఎస్పోలో. ఇక్కడి జనానికి చీజ్ లేనిదే తెల్లవారదు. సూపర్‌మార్కెట్లో ఒక వరస వరసంతా చీజే. పదేళ్ళకి నాకూ అలవాటైంది. అమ్మకి మాత్రం కాలేదు. తొంభై రోజుల వీసా మీద వచ్చిన మనిషి, మొదటిరోజు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, అల్లుడి ఎదురుగా ఉమ్మలేక మింగేసి, ఆయన అటు వెళ్ళగానే, “బట్టల సబ్బులా ఉందేమే!” అంది.

చీజ్ తినకపోతే కొంపేమీ మునగదు. అసలు బెంగ వేరే. జూన్‌లో ఇక్కడ నాలుగింటికే సూర్యుడు వచ్చేస్తాడు, రాత్రి పదిన్నరైనా పోడు. అమ్మ ఊళ్ళో నలభై ఏళ్ళపాటు నాలుగింటికే లేచింది. ఇక్కడా అలాగే లేచి, సోఫాలో కూర్చుని, కిటికీలోంచి ఎదుటి అపార్ట్‌మెంటు గోడని చూస్తూ ఉండేది. ఏంటమ్మా అంటే, “ఏముంది, తెల్లారింది కదా” అనేది. ఆ చేతులకి పని లేకుండా చేసింది నేనే. నాన్న పోయాక, “ఇంకా ఎవరికోసమమ్మా ఆ పేడా, కుడితీ! గేదెని అమ్మేసి నా దగ్గరకొచ్చి ఉండు” అని ఏడాదిపాటు ఫోన్లో సతాయించాను. చివరికి సంక్రాంతి వెళ్ళాక అమ్మేసింది. చూడి గేదె. అందుకే మంచి ధరొచ్చిందని నేను సంతోషించాను కూడా. మార్చిలో ఒకరోజు ఫోన్లో, మాటల మధ్యలో, “ఈనిందట. పెయ్యదూడట” అంది. ఓహో అన్నాను. ఆఫీసు మీటింగుకి టైమవుతోంది అప్పుడు.

ఆ ఈతలో జున్నుపాలు మా ఇంటికి రాలేదన్న సంగతి, అమ్మ ఇక్కడ సోఫాలో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు.

సరే, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని వెతకడం మొదలెట్టాను. మొదట కనపడింది లెయ్‌పాయూస్తో. రొట్టె చీజ్ అని అర్థం. పేరుకి తగ్గట్టే చపాతీలా బల్లపరుపుగా, పైన పెనం మీద కాలినట్టు గోధుమరంగు మచ్చలతో ఉంటుంది. పన్నీరుకి దగ్గర చుట్టం. వీళ్ళు దాన్ని ముక్కలు కోసి వేడి కాఫీలో వేసుకుంటారు, లేదంటే లక్కా అనే నారింజరంగు అడవిపండు జాముతో తింటారు. అమ్మ ఒక ముక్క కొరికి, “పళ్ళ కింద కీచుమంటోంది” అంది. నిజమే, ఆ కీచుదనమే దాని గొప్పట. అయినా ఇంకో ముక్క తీసుకుంది. అదే నాకు దొరికిన మొదటి ఆనవాలు.

మర్నాడు ఆఫీసులో పక్కసీటావిడకి ఈ సంగతి చెప్పాను. ఆవిడది పడమటి తీరంలో పోహ్యన్మా అనే పాడి ప్రాంతం. “ఇప్పుడు మామూలు పాలతో చేస్తున్నారుగానీ, వెనకటి రోజుల్లో అది ఆవు ఈనగానే వచ్చే పాలతో చేసేవారు. ఆ పాలని ఉత్తినే ఓవెన్లో పెట్టినా గడ్డకడతాయి, దాన్ని ఊనియూస్తో అంటాం” అంది. ఊని అంటే ఓవెన్, యూస్తో అంటే చీజ్. నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. ఈనగానే వచ్చే పాలు, గడ్డకట్టేది, దాన్ని వీళ్ళు చీజ్ అంటున్నారు! నిఘంటువు రాసిన పెద్దమనుషులు నా కళ్ళముందు మెదిలారు.

తర్వాత వాకబు చేస్తే తెలిసింది, ఈ సంగతి తెలిసినవాళ్ళు మనమొక్కళ్ళమే కాదు. స్వీడన్‌లో ఇలాంటిదాన్ని కాల్వ్‌దాన్స్ అంటారు, అంటే దూడ నాట్యం. ఐస్‌లాండులో పైన దాల్చినచెక్క, పంచదార చల్లుకుని తింటారట. కల్తీ సంగతిలోనూ అందరం ఒక్కటే. మన ఊళ్ళలో బండి మీద జున్నంటూ చైనాగ్రాసు అమ్మినట్టే, ఇక్కడ జున్నుపాలు దొరకనివాళ్ళు పాలలో కోడిగుడ్లు కొట్టి పోసి ఊనియూస్తో అనిపిస్తారు.

గుడ్డు గుర్తుకు రావడంలోనూ ఒక లెక్క ఉంది. మామూలు ఆవుపాలలో మాంసకృత్తులు 3 శాతం పైచిలుకు. మొదటిపూట జున్నుపాలలో 14 శాతం దాకా ఉంటాయి. అందులో పెద్ద భాగం రోగాల్ని ఎదిరించే ఇమ్యూనోగ్లోబులిన్లు. వేడి తగలగానే తెల్లసొనలాగా బిగుసుకుంటాయి. అందుకే తోడూ అక్కర్లేదు, నిమ్మకాయా అక్కర్లేదు. దూడ తల్లికడుపులో ఉన్నంతకాలం ఈ రక్షణ దానికి చేరదు. పుట్టిన మొదటి కొన్ని గంటల్లో తాగాల్సిందే. 24 గంటలు దాటితే దాని పేగు ఇక పీల్చుకోలేదు.

జూన్ చివర్లో యుహన్నుస్ అని ఇక్కడ పెద్ద పండగ. ఊళ్ళన్నీ ఖాళీ అయిపోతాయి. పక్కసీటావిడ కూడా అన్నగారింటికి వెళ్ళి, వస్తూ వస్తూ ఐస్‌పెట్టెలో గడ్డకట్టించిన తెర్నిమైతో తెచ్చింది. జున్నుపాలే. లీటరు డబ్బా. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

డబ్బా తెచ్చి వంటింట్లో పెట్టాను. అమ్మ మూత తీసి, వాసన చూసి, ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, “దూడకి వదిలారా?”

నాకు తెలీదు. ఫోన్ చేశాను. ఆవిడ అన్నని కనుక్కుని చెప్పింది: దూడకి పుట్టిన గంటలోనే మూడు లీటర్లు పట్టారట, ఈ ఆవులు దూడ తాగేదానికంటే చాలా ఎక్కువిస్తాయట, మిగిలినవి నీరసంగా పుట్టిన దూడలకోసం ఫ్రీజర్లో దాస్తారట. అమ్మకి నచ్చింది. వెంటనే రెండో ప్రశ్న, “ఎన్నో పూట పాలు?”

మళ్ళీ ఫోన్. ఈసారి నేను మాటలు వెతుక్కుంటుంటే, అవతల ఆవిడ నవ్వి, “రెండోపూటవి. మా అమ్మ కూడా ఇదే అడిగేది” అంది. మొదటిపూట పాలైతే ఒకటికి మూడు మామూలు పాలు కలపాలి, లేకపోతే రాయిలా అవుతుంది. రెండోపూటైతే ఒకటికి ఒకటిన్నర. అమ్మ ఈ లెక్క నోటితో చెప్పలేదు, చెయ్యి చెప్పింది. చిన్నగిన్నెలో గరిటెడు పోసి ముందు ఆవిరి పట్టి చూసింది. కదిపి చూసి, ఇంకో అరగ్లాసు పాలు పోసింది. ఈలోగా నేను మాటల్లో, వాళ్ళకి ఏభై ఆవులున్నాయనీ, పాలు పిండేది రోబో అనీ చెప్పాను.

“రోబో పిండితే ఎలా చేపుతాయే?”

ఈ ప్రశ్నకి మా ఆయన దగ్గరా సమాధానం లేదు, ఇంజనీరై ఉండి కూడా! మా గేదె దూడ పక్కన లేకపోతే చుక్క విడిచేది కాదు. అమ్మ కాక ఇంకెవరు కూర్చున్నా అంతే. నాన్నకి కూడా చేపేది కాదు.

బెల్లం ఇండియన్ స్టోరుది, యాలకులు అమ్మ మూటలోవి. కుక్కర్‌కి విజిల్ పెట్టకుండా ఇరవై నిమిషాలు. దించి చూస్తే పసుపుపచ్చగా ఉంది. ఆవుపాలు కదా. గేదె జున్ను తెల్లదనం దీనికి రాదు, ఆ జిడ్డూ రాదు. కానీ గరిట పెడితే వణికింది. మా పిల్లాడు రెండుసార్లు వేయించుకుని, “ఇది చీజా, పాయసమా?” అన్నాడు. నన్నడక్కు నాన్నా, నిఘంటువునడుగు అన్నాను.

అమ్మ తిని, “ఫరవాలేదు. మన గేదెదైతే ఇంకో గ్లాసు పాలు పట్టేది” అంది. మన గేదె అంది. నేను గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. “అమ్మా, చూడిగేదెని అమ్మమనకుండా ఉండాల్సింది” అన్నాను. “ఇప్పుడెందుకులేవే” అంది. కాసేపాగి, “ఈతయ్యాక అమ్మినా బాగుండేది” అంది. అంతే. నేను ఎదురుచూసినట్టు, ఫరవాలేదులే అని మాత్రం అనలేదు.

డబ్బా కడిగి తిరిగివ్వబోతే ఆపింది. పాలగిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదట. గుప్పెడు బియ్యం పోసి, మీద బెల్లంముక్క పెట్టింది. సోమవారం పక్కసీటావిడ మూత తీసి, “దీంతో ఏం వండాలి?” అని అడిగింది. ఏమీ వండక్కర్లేదు, డబ్బా ఖాళీగా రాకుండా అంతే అన్నాను. ఆవిడ మూత పెట్టి, డబ్బాని కంప్యూటర్ పక్కనే ఉంచుకుంది.

ఆ రాత్రి పది దాటినా ఎండ పోలేదు. ఊళ్ళో అర్ధరాత్రి దాటి ఉంటుంది, ఇప్పుడు వద్దమ్మా అని ఆపాను. తెల్లారి నాలుగింటికి వంటింట్లోంచి అమ్మ గొంతు వినపడింది. అక్కడ ఉదయం ఆరున్నర. గేదెని కొన్న పక్కఊరి ఆసామితో మాట్లాడుతోంది.

“పెయ్యదూడ మేత ముడుతోందా అబ్బాయ్? ... కుడితిలో ఉప్పెయ్యడం మర్చిపోకు, దానికలవాటు. ... ఆఁ, ఆగస్టులో వస్తాను. మళ్ళీ ఈనినప్పుడు నాకు కబురెట్టు. గిన్నె నేనే తెచ్చుకుంటాలే.”