సీమ ఎండకు నిలబడే సర్వర్

మా కడప, కర్నూలు వైపు డబ్బుని ‘లెక్క’ అంటారు. "లెక్క ఇచ్చినావా?" అంటే డబ్బులు ఇచ్చావా అని. 2022 మే నెలలో ఒక మధ్యాహ్నం, కర్నూల్లో మా మామ ఎరువుల కొట్టుకి నేను కట్టిచ్చిన సర్వర్ చచ్చిపోయింది. "లెక్కలు యాడికి పోయినాయి అల్లుడూ?" అన్నాడు మామ. ఏ లెక్కల గురించి అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. నిజానికి రెండూ పోయాయి.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. బెంగళూరులో పొద్దస్తమానం క్లౌడ్ సర్వర్లతోనే పని. మామ కొట్టుకి ఒక మెషీన్ కట్టడం ఎంతసేపు అనుకున్నా.

మామకి కంప్యూటర్ మీద నమ్మకం ఊరికే రాలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు కొట్టులోని ఖాతా పుస్తకాలన్నీ నానిపోయాయి. నాకప్పుడు పన్నెండేళ్ళు. తడిసిన పేజీలు మిద్దె మీద పరిచి, ఎగిరిపోకుండా వాటి మీద రాళ్ళు పెట్టడం ఇంకా గుర్తుంది. ఆరిన పేజీల్లో సిరా తప్ప అంకెలు లేవు. అందుకే పన్నెండేళ్ళ తరవాత మేనల్లుడు వచ్చి "ఇక పుస్తకాలు వద్దు మామా" అంటే సరేనన్నాడు.

ఒకే ఇల్లు, మూడు పోర్షన్లు

వర్చువలైజేషన్ అంటే ఒక ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకివ్వడం లాంటిది. ఒకే మెషీన్‌లో చాలా మెషీన్లు, దేని తలుపు దానిదే. ఒకదాంట్లో విండోస్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. రెండో దాంట్లో సీసీ కెమెరాల రికార్డింగ్. మూడో దాంట్లో ఫైళ్ళు, బ్యాకప్. వీటన్నిటికీ ఓనరు హైపర్‌వైజర్. నేను వాడింది ప్రాక్స్‌మాక్స్, ఉచితంగానే దొరుకుతుంది.

చిక్కంతా ఎక్కడంటే, పోర్షన్లు వేరైనా బోరు ఒకటే, కరెంటు మీటరు ఒకటే. మోటారు కాలితే అందరి కుళాయిలూ ఆగుతాయి. కాబట్టి ఇలాంటి సర్వర్‌కి మామూలు పీసీ కన్నా గట్టి భాగాలు కావాలి. నేను చేసింది దానికి పూర్తిగా తలకిందులు. ముందు గేమింగ్ ప్రాసెసర్ కొన్నా. తరవాత లైట్లు వెలిగే గాజు కేబినెట్. తరవాత వేగంగా పరుగెత్తే ఎస్‌ఎస్‌డీ. చివర్లో మిగిలిన డబ్బుతో, షాపులో ఏది ఉంటే ఆ ఎస్‌ఎంపీఎస్.

ఆ మధ్యాహ్నం కరెంటు నిమిషంలో మూడుసార్లు పోయి వచ్చింది. మెషీన్ లేస్తుండగానే మళ్ళీ పడింది. చివరికి ఆన్ అయింది కానీ ఖాతాల ఫైలు తెరుచుకోలేదు. బ్యాకప్ రోజూ జరుగుతోంది కదా అని ధైర్యం. చూస్తే ఆ బ్యాకప్ మూడో పోర్షన్‌లోనే ఉంది. మూడు పోర్షన్లూ ఒకే ఎస్‌ఎస్‌డీ మీద. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టయింది.

పదకొండు నెలల అరువు ఖాతాలు. కార్బన్ బిల్లులు చూసుకుంటూ నేనూ మామ కొడుకూ మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని టైపు చేశాం. ఎవరు ఎంత సరుకు తీసుకున్నారో తేలింది. ఎవరు ఎంత కట్టారో మాత్రం అందరిదీ తేలలేదు. కోడుమూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన్ని, కట్టేసిన బాకీనే మళ్ళీ అడిగాం. ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, నాలుగు మడతలు పెట్టిన రసీదు బల్ల మీద పెట్టాడు.

ఆయన వెళ్ళాక మామ అన్నాడు: "అప్పు తీర్చినోన్ని మళ్ళీ అడిగితే పోయేది లెక్క కాదు అల్లుడూ, మాట."

రెండో సర్వర్ కట్టేటప్పుడు కొనుగోలు వరసంతా తిరగేశా. అడుగున ఉన్నది ముందు, ప్రాసెసర్ చివర. ఆ వరసలోనే చెబుతా.

ముందు ఎర్తు గుంత

కొట్టుకి వచ్చిన ఎలక్ట్రీషియన్ సర్వర్ వైపు చూడనే లేదు. పెరట్లోకి వెళ్ళి "ఈ గుంతకి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది సామీ?" అని అడిగాడు. ఎర్తింగ్ గుంతలో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేసేది తేమ నిలవడానికే. తడి నేల కరెంటుని తీసుకుంటుంది, ఎండిన నేల తీసుకోదు. మన సీమలో ఎండాకాలం నేల నోరు తెరిచి ఉంటుంది, ఎర్తు ఉన్నా లేనట్టే. బిందెలతో నీళ్ళు పోసి, వైర్లు బిగించి, మళ్ళీ కొలిచి చూపించాడు. లక్ష రూపాయల మెషీన్‌కి మొదటి రక్షణ బిందెడు నీళ్ళు.

తరవాత యూపీఎస్. కరెంటు పోయాక మంచి ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు లాగుతుంది. మామూలు లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ బ్యాటరీకి మారడానికి పట్టేది 4 నుంచి 10 మిల్లీసెకన్లు. ఈ రెండు అంకెల మధ్య సందులోనే మన ఖాతాలు బతుకుతాయి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ అంతసేపు లాగలేదు. ఇంటి ఇన్వర్టర్ మీదే నడపాల్సి వస్తే అది సైన్ వేవ్‌దై ఉండాలి, మోడ్ స్విచ్చి ‘యూపీఎస్’ వైపు ఉండాలి.

ఇంకో మాట. డబ్బా మీద ‘80 ప్లస్ గోల్డ్’ అని ఉంటే కరెంటు వృథా తక్కువని అర్థం, గట్టిదని కాదు. వారంటీ ఎన్నేళ్ళో, వివరమైన టెస్టుల్లో ఏం తేలిందో చూసి కొనండి. మామూలు ఏటీఎక్స్ సైజుదే తీసుకోండి. పాడైతే ఆ రోజే ఊళ్ళో ఇంకోటి దొరకాలి.

యూపీఎస్‌ని యూఎస్‌బీ తీగతో సర్వర్‌కి కలపడం మరిచిపోవద్దు. బ్యాటరీ తగ్గగానే ఒక్కో పోర్షన్‌నీ వరసగా మూసి, చివరికి తనూ పడుకునేలా పెట్టుకోవచ్చు. కరెంటు రాగానే దానంతటది లేవకుండా బయాస్‌లో ఆపేశా. పావుగంట నిలకడగా ఉంటేనే మామ బటన్ నొక్కుతాడు.

ఎండ, ఎరువు దుమ్ము

ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ళ దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారంటే ఊరికే కాదు. ఎండకి మాకు కొదవ లేదు. మేలో బయట 44 డిగ్రీలు, మిద్దె కింద గదిలో 40. డేటా సెంటర్లకి మంచిదని చెప్పేది 18 నుంచి 27 డిగ్రీలు. ప్రాసెసర్ వేడి గది వేడి మీద లెక్క. బెంగళూరులో 25 డిగ్రీల గదిలో 65కి చేరే ప్రాసెసర్, అదే పనికి ఇక్కడ 80కి చేరుతుంది. హార్డ్ డిస్కుల్లో చాలావాటికి 60 డిగ్రీలే హద్దు.

అందుకే 65 వాట్ల ప్రాసెసర్, దానికి పెద్ద హీట్‌సింక్, మెల్లగా తిరిగే పెద్ద ఫ్యాన్లు. ముందు వైపు గాజు కాదు, జాలీ, దాని వెనక కడుక్కునే ఫిల్టరు. లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి లాగే వాటికన్నా ఎక్కువ ఉంటే సందుల్లోంచి దుమ్ము దూరదు. నీళ్ళ కూలర్‌ని మాత్రం సర్వర్ వైపు తిప్పకండి. చల్లగాలితో పాటు తేమ, మన ఉప్పు నీళ్ళ తుంపరా లోపలికి పోతాయి.

మా పాత మెషీన్ ఉన్నది గోడౌన్ పక్క గదిలో. యూరియా, డీఏపీ దుమ్ము గాలిలో తేమ పీల్చుకుని లోహాన్ని తినేస్తుంది. విప్పి చూస్తే ర్యామ్ కాళ్ళ మీద తెల్లటి పొర. కొత్త సర్వర్ పై అంతస్తులో, గోడకి దిగేసిన కడప రాయి బండ మీద ఉంది. 2009లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో మామ గోడ మీద చూపించాడు. బండ దానికి చాలా పైన.

డిస్కులు, ర్యామ్

ఎస్‌ఎస్‌డీ ‘రాసేశా’ అని చెప్పినా, కొంత సమాచారం ఇంకా దాని తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది. ఆ క్షణంలో కరెంటు పోతే అంతే. సర్వర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీల్లో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయాక కూడా చేతిలో ఉన్నది రాసి ముగించేంత శక్తి వాటిలో ఉంటుంది. ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ అని రాసి ఉందో లేదో చూడండి. వేగం కాస్త తక్కువైనా ఇదే తీసుకోండి. అలాంటివి రెండు, వేర్వేరు కంపెనీలవి, ఒకదానికొకటి అద్దంలా.

కెమెరాల రికార్డింగ్‌ని ఎస్‌ఎస్‌డీ మీద పెట్టొద్దు. ఒక్కోటి 4 ఎంబీపీఎస్ చొప్పున ఎనిమిది కెమెరాలు రోజుకి దాదాపు 345 జీబీ రాస్తాయి. 600 టీబీ రాతకి హామీ ఉన్న ఎస్‌ఎస్‌డీ అయిదేళ్ళు తిరక్కుండానే హద్దు దాటుతుంది. కెమెరాలకి వేరే హార్డ్ డిస్కు పెట్టా.

ర్యామ్ దగ్గర ఈసీసీ అని ఒకటుంది. ప్రతి 64 బిట్లకీ కాపలాగా ఇంకో 8 బిట్లు. డీడీఆర్4 స్టిక్కు మీద ఎనిమిది చిప్పులుండే చోట తొమ్మిది కనిపిస్తాయి. ఒక బిట్ తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే పట్టుకుని చెబుతుంది. గూగుల్ తన సర్వర్ల మీద చేసిన పరిశీలన 2009లో వచ్చింది. ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో తప్పులు కనిపించాయట. గేమ్‌లో ఒక బిట్ తప్పితే ఒక చుక్క రంగు మారుతుంది. ఖాతాలో తప్పితే ఒక రైతు బాకీ మారుతుంది.

ఈసీసీకి ర్యామ్ ఒక్కటే చాలదు. ప్రాసెసర్, బోర్డు రెండూ ఒప్పుకోవాలి. చాలా రైజెన్ ప్రాసెసర్లు ఒప్పుకుంటాయి, కానీ బోర్డు కంపెనీ లిస్టు చూడాల్సిందే. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లకి డబ్ల్యూ680 లాంటి చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. డీడీఆర్5లో ‘ఆన్ డై ఈసీసీ’ అని కనిపిస్తే మోసపోవద్దు, అది చిప్పు లోపలి సంగతి మాత్రమే. ఎంత ర్యామ్ అంటే పోర్షన్ల అవసరం కూడండి. మాకు 8, 8, 4, ఓనరుకి ఇంకో 4 కలిపి 24. కొన్నది 32, రెండు స్లాట్లు ఖాళీగా ఉంచి. ఒక రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాకే మిగతా పని.

చివరికి ప్రాసెసర్

అందరూ మొదట అడిగేది ఇదే. దీని గురించి చెప్పాల్సింది కూడా తక్కువే. వీటీ-ఎక్స్ గానీ ఏఎండీ-వీ గానీ ఉండాలి. ఇప్పటి ప్రాసెసర్లన్నిట్లోనూ దాదాపు ఉంటుంది, బయాస్‌లో ఆన్ చేయాలంతే. మామ కొట్టు పనికి ఆరు కోర్లలో ఎక్కువ భాగం నిద్రపోతూనే ఉంటాయి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత కంపెనీ సర్వర్లు చవగ్గా దొరుకుతాయని ఫ్రెండ్స్ అంటారు. నిజమే, ఈసీసీ, జంట ఎస్‌ఎంపీఎస్‌లు అన్నీ ఉంటాయి. కానీ 170 వాట్లు లాగేదైతే నెలకి 120 యూనిట్లు దాటుతుంది. మాది 50 వాట్లు, 36 యూనిట్లు. పైగా ఆ తేడా అంతా వేడిగా మారి గదిలోనే ఉంటుంది.

కేసీ కాలువ దారిలో

జంట డిస్కులు బ్యాకప్ కాదు. ఫైలు పొరపాటున చెరిపితే రెండింట్లోనూ చెరిగిపోతుంది. అందుకే రోజూ రాత్రి ఒక కాపీ కొట్టులోనే వేరే డిస్కుకి, ఇంకోటి తాళం వేసి కడపలో మా అమ్మ వాళ్ళింటికి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి 300 కిలోమీటర్లకి పైగా నడిచి కడప వైపు వచ్చే కేసీ కాలువని 1860ల్లో సాగునీటితో పాటు పడవల కోసం కూడా తవ్వారు. ఇప్పుడు మా మామ ఖాతాలు వచ్చేదీ కర్నూలు నుంచి కడపకే. కర్నూలు మునిగినా కడపలో కాపీ ఉంటుంది.

ఇదంతా చెబితే మామ ఒకటే అడిగాడు: "ఆ కాపీ మొలుస్తుందా?" విత్తే ముందు రైతు గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూసుకుంటాడు. మొలవని విత్తనం బస్తాలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అప్పట్నుంచీ నెలకో ఆదివారం కడప కాపీని తెరిచి, ఏదో ఒక రైతు ఖాతా బయటికి తీసి మామకి వాట్సాప్‌లో పంపిస్తా. ఆయన పుస్తకంతో సరిచూస్తాడు. అవును, మామ మళ్ళీ పుస్తకం రాస్తున్నాడు. నేను వద్దనలేదు.

పోయిన నెల కొట్టుకి వెళ్ళినప్పుడు ఆ కోడుమూరు పెద్దాయన కనిపించాడు. రెండు బస్తాల డీఏపీ తీసుకున్నాడు, పాత బాకీ కొంత కట్టాడు. మామ ఆయన ముందే ప్రింట్ తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, అదే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళాడు.