ఏర్పాటు సువార్తకు అడ్డమా?

"రక్షింపబడేవాళ్లెవరో దేవుడు ముందే నిర్ణయించేస్తే ఇక మనం సువార్త చెప్పడం దేనికండీ?" నందిగామ, జగ్గయ్యపేట వైపు విశ్వాసుల మధ్య ఈ ఏర్పాటును బోధించిన కాల్విన్ పేరెత్తితే పడే మొదటి ప్రశ్న ఇదే. ప్రశ్నలా వినపడుతుంది గానీ నిజానికి తీర్పు. దేవుని ఏర్పాటును నమ్మినవాడు పల్లె తిరగడు, వీధి మొగలో నిలబడి మాట్లాడడు, కాళ్లు చాపుకుని కూర్చుంటాడు అని దాని భావం. ఈ తీర్పు చెల్లదు. కొట్టెయ్యడానికి కాల్విన్ ఊరు జెనీవా దాకా పోనక్కర్లేదు, నందిగామ ప్రాంతపు రాఘవాపురం చాలు.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. 1843లో నోబుల్ బడి పెట్టాడు. ముందు బ్రాహ్మణులూ పైకులాలవాళ్లూ నమ్మితే మిగతావాళ్లు వాళ్ల వెనకే వస్తారని ఆయన లెక్క. అందుకే ఆ బడిలో మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. నోబుల్ కపటి కాదు, 1865లో కన్నుమూసేదాకా బతుకంతా ఆ బడికే ధారపోశాడు. కానీ ముందు ఎవరికి చెప్పాలో అక్కడ ఏర్పరచుకున్నది దేవుడు కాదు, మిషనరీ.

ఈలోగా రాఘవాపురం మాలపల్లెలో పాగోలు వెంకయ్య విగ్రహాలు వదిలేశాడు. దేవుడొక్కడే అని ఎవరో అన్న మాట చెవిన పడింది. అంతే, నీవెవరవో, ఎక్కడున్నావో కనపడమని పేరైనా తెలియని ఆ దేవుణ్ని ఏళ్లతరబడి అడిగాడట. 1859లో బెజవాడ వెళ్లి, అక్కడున్న అదే సొసైటీ మిషనరీ డార్లింగ్ దొర నోట క్రీస్తు సంగతి విన్నాడు. నేను వెతుకుతున్నది ఈయన్నే అని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. బాప్తిస్మం పొంది ఊరుకోలేదు, మెట్ట పల్లెలు పట్టుకు తిరిగాడు. కృష్ణా జిల్లా మెట్టలో పెద్ద ఎత్తున సంఘాలు లేచింది అతనితోనే.

వెంకయ్య కాల్విన్‌ను చదివాడని నా వాదన కాదు. బోధకుడు వెళ్లకముందే మాలపల్లెలో ఒక మనిషిని కదిలించిందెవరు? సరే, కదిలించినవాడే మిగతాదీ నేరుగా చెప్పెయ్యొచ్చు కదా, బెజవాడలో ఒక మనిషి నోరు ఎందుకు కావలసివచ్చింది? కాల్విన్ పక్షం చెప్పేది ఈ రెండూ కలిపే. గమ్యం నిర్ణయించినవాడే దారీ నిర్ణయించాడు, ఆ దారి పేరు ప్రకటన. 1618-19లో కాల్విన్ పక్షపు డోర్ట్ సభ దేవుని ఏర్పాటును సూత్రీకరించింది. అదే పత్రంలో సువార్తను భేదం లేకుండా అన్ని జనాలకూ చెప్పాలని కూడా రాసింది. కొరింథులో పౌలు భయపడినప్పుడు ఈ పట్టణంలో నాకు చాలామంది ఉన్నారని ప్రభువు ధైర్యం చెప్పాడు. అది విని పౌలు మూటా ముల్లె సర్దుకోలేదు, ఏడాదిన్నర అక్కడే బోధించాడు.

కాళ్లు చాపుకున్న కాల్వినిస్టులు లేరా? ఉన్నారు. పాపిని మారుమనస్సుకు పిలవడమే తప్పన్న బాప్టిస్టు బోధకులు పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఉండేవారు. వాళ్లకు 1785లో పుస్తకం రాసి జవాబిచ్చిన ఆండ్రూ ఫుల్లరూ కాల్వినిస్టే. అతని స్నేహితుడు విలియం కేరీ అదే నమ్మకంతో ఇండియాకు వచ్చాడు. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది ఆయన పనివల్లే. రాఘవాపురానికి సువార్త అందించిన సొసైటీకి మొదటి కార్యదర్శి థామస్ స్కాట్ కూడా ఆ పక్షంవాడే. ఏర్పాటు సువార్తను చంపేస్తుందనేవాళ్లు ముందు ఈ పేర్లకు సమాధానం చెప్పాలి.

ఒంగోలు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. మాదిగల్ని సంఘంలో చేర్చుకుంటే మా పిల్లల్ని నీ బడికి పంపబోమని బ్రాహ్మణులు అక్కడి మిషనరీ జాన్ క్లౌకు తేల్చిచెప్పారు. ఏం చెయ్యాలో తోచక తానూ భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనపడిందని ఆయనే రాసుకున్నాడు: కొరింథీయులకు మొదటి పత్రిక మొదటి అధ్యాయం. దేవుడు జ్ఞానుల్ని కాదు, బలహీనుల్ని, తృణీకరింపబడినవారిని ఏర్పరచుకున్నాడనే భాగం. అది ఏర్పాటు సిద్ధాంతమే! క్లౌ మాదిగలకు తలుపు మూయలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

పుట్టుకను, చదువును, యోగ్యతను చూడని ఏర్పాటు సువార్తికుడి నోరు మూయదు. శ్రోతల్ని ఎంచుకునే పెత్తనం అతని చేతిలోంచి లాగేస్తుంది. ఏర్పరచబడినవారి జాబితా అతనికి ఎవరూ ఇవ్వలేదు గనక అందరికీ చెప్పక తప్పదు. సభలో ఎన్ని చేతులు లేచాయో లెక్కపెట్టి, అది తన గొంతు మహిమ అనుకునే ప్రసంగీకుడికి ఇది రుచించకపోవడం సహజం. ఫోనులో నాలుగు ప్రసంగాలు విని, ఉజ్జీవ సభల్ని వెక్కిరిస్తూ, తన పేట దాటి ఒక్కరితోనూ క్రీస్తు మాట ఎత్తని కుర్ర కాల్వినిస్టుకూ ఇది రుచించదు. విమర్శకుల చేతికి ఆయుధం అందిస్తున్నది అతనే.

ఏర్పరచబడనివారి గతేమిటి, అది న్యాయమా అని అడగండి. అది బరువైన ప్రశ్న, కాల్విన్ పక్షాన్ని ఎదిరించిన వెస్లీ నిలదీసిందీ దాన్నే. దానికి రాఘవాపురం జవాబు కాదు. వాదించాలనుంటే అక్కడ వాదించండి. సువార్తకు అడ్డమన్న నేరాన్ని మాత్రం ఈ సిద్ధాంతం మీదనుంచి తీసెయ్యండి.