టీసీ చేతిలో పెట్టి పంపేశాం

దెందులూరు, కొవ్వలి, గోపన్నపాలెం చుట్టుపక్కల ఏ బడికైనా వెళ్లి ఆరో తరగతి పిల్లాడి జామెట్రీ బాక్సు తెరిచి చూడండి. ముల్లు వంగిన కంపాసు, అరిగిన రబ్బరు, రెండు మూడు పెన్సిలు ముక్కలు, అడుగున కాగితంలో మడిచిపెట్టిన సగం బ్లేడు. షార్ప్‌నర్ పోగొట్టుకొస్తున్నాడని అమ్మే బ్లేడును నిలువునా విరిచి ఒక ముక్క ఇచ్చి ఉంటుంది. మధ్యాహ్న భోజనం వరసలో ఇద్దరు కలబడి ఒకడి ముంజేయి గీసుకుపోయిందంటే చాలు, ఆ ముక్కకు ఆయుధం అని పేరొస్తుంది. మర్నాడు తండ్రి కూలి మానుకుని బడికొస్తాడు. ఆఫీసు గదిలో ఆయన్ని నిలబెట్టే మాట్లాడతారు. మధ్యాహ్నానికి టీసీ చేతిలో పెడతారు.

ఊళ్లో మనమేమన్నాం? "మంచి పని చేశారు మాస్టారూ, ఒకణ్ని పంపేస్తే మిగతావాళ్లు దారికొస్తారు" అన్నాం. బ్లేడు దేనికి తెచ్చాడని అడగలేదు. ముందు ఎవడు చెయ్యి చేసుకున్నాడని అడగలేదు. టీసీ పట్టుకుని వెళ్లిన పిల్లాడు మళ్లీ ఏదైనా బడిలో చేరాడా, చేపల చెరువు గట్టు మీద మేత బస్తాలు మోస్తున్నాడా అన్నది అసలే పట్టించుకోలేదు.

మనకు చట్టం తెలియక కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి ఫెయిల్ చేసే వెసులుబాటు ఇచ్చారు గానీ, తీసేయకూడదన్న మాటను మాత్రం అలాగే ఉంచారు. అయినా టీసీలు బయటికొస్తూనే ఉంటాయి. తండ్రే అడిగి తీసుకెళ్తున్నట్టు ఒక కాగితం రాయించుకుంటే సరిపోతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టించేటప్పుడు పక్కన కూర్చున్నది మనవాళ్లే. బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. కమిటీలో మనం ఉన్నాం. నోరు మాత్రం మెదపలేదు.

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. ఈ కఠినత్వం అందరి మీదా ఒకేలా పడదు. చెరువులున్న ఆసామి కొడుకు బ్యాగులో కత్తి దొరికితే పెద్దమనుషులు కూర్చుని సర్దుబాటు చేస్తారు, "కుర్రతనం, వదిలేయండి" అంటారు. పేటలోంచి వచ్చిన కూలి కొడుకు దగ్గర సగం బ్లేడు దొరికితే రూలు రూలే. రెండు తీర్పులూ మన ఊళ్లవే, రెంటికీ తలూపింది మనమే.

ఇక కత్తి సంగతికి వద్దాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్లలో పిల్లాడు కత్తిని మొదట చూసేది బడిలో కాదు, బరిలో. సంక్రాంతి మూడు రోజులూ చంటిపిల్లల్ని భుజాన ఎక్కించుకుని మరీ పందేలకు తీసుకెళ్లేది మనమే. కత్తి కట్టేవాడు కోడి కాలికి దారం చుట్టి, వేలెడంత కత్తిని బిగించి, పదును ఎటుందో చూసి వదులుతాడు. పిల్లాడు ఆ వేళ్లనే చూస్తుంటాడు. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది, జూద నిషేధ చట్టం 1974 నుంచీ ఉంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందేలు ఆపాలని ఆదేశించింది. ఏటా పోలీసులు కత్తులు స్వాధీనం చేసుకుంటారు, ఏటా బరులు వెలుస్తాయి. కత్తి లేని డింకీ పందెం చప్పగా ఉంటుందని మనమే పెదవి విరుస్తాం. 2023 సంక్రాంతికి నల్లజర్ల మండలం అనంతపల్లిలో కోడి కాలి కత్తి తగిలి ఒక యువకుడు చనిపోయాడు. అది విన్నాక కూడా మరుసటి ఏడు పిల్లల్ని వెంటబెట్టుకునే వెళ్లాం. పండగ పేరిట కోర్టు మాటను ఊరంతా కలిసి తోసిపుచ్చి, పదకొండేళ్ల వాడు మాత్రం బడి రూలు తు.చ. తప్పకూడదంటున్నాం.

మాస్టార్ల భయం ఉత్తదని నేననను. 2012 ఫిబ్రవరిలో చెన్నైలో ఒక ఉపాధ్యాయిని తరగతి గదిలోనే విద్యార్థి కత్తికి బలయ్యారు. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి పిల్లలే ఇంట్లోకి చొరబడి కొడవళ్లతో నరికారు. 2024 ఆగస్టులో ఉదయ్‌పూర్‌లో పదో తరగతి పిల్లాడు తోటివాడి కత్తిపోటుకు చనిపోయాడు. దెబ్బ తిన్న పిల్లాడి తల్లి "నా బిడ్డను బడికెలా పంపను?" అంటే ఆమెకు జవాబు చెప్పాల్సిందే. బ్యాగులు వెతకాలి, కత్తి దొరికితే తీసుకోవాలి, పోలీసులకు చెప్పాల్సినవి చెప్పాలి. నా గొడవ దానితో కాదు. బ్యాగులో ఏముందో చూసి అక్కడితో విచారణ ముగించేయడంతోనే.

ఉదయ్‌పూర్ ఉదంతం తర్వాత రాజస్థాన్ విద్యాశాఖ బడుల్లో పదునైన వస్తువులను నిషేధించింది. అదే సమయంలో నిందితుడైన కుర్రాడి కుటుంబం అద్దెకుంటున్న ఇంటిని అధికారులు కూల్చేశారు. ఇంటి యజమాని సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. ఇలాంటి కూల్చివేతలు చెల్లవని 2024 నవంబరు 13న కోర్టు తేల్చింది. నాంగునేరి తర్వాత తమిళనాడు ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి చంద్రు కమిటీని వేసి, బడిలోకి కులం ఎలా వస్తోందని అడిగింది. పిల్లల ముంజేతికి కట్టే రంగు తాళ్ల దాకా ఆ నివేదిక వెళ్లింది. మన ఊళ్లలో ఆ ప్రశ్న వేసే ధైర్యం మనకింకా రాలేదు.

అమెరికాలో మన బంధువుల పిల్లలు చదివే బడుల్లోనూ ఈ గొడవ ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. 1994 చట్టం తుపాకీ తెచ్చిన విద్యార్థిని ఏడాది పాటు బహిష్కరించమంది. ఒక్కో కేసునూ విడిగా చూసి శిక్ష తగ్గించే అధికారం కూడా అందులోనే ఇచ్చింది. చాలాచోట్ల బహిష్కరణను పట్టుకుని ఆ మినహాయింపును వదిలేశారు, తుపాకీకి పెట్టిన రూలును చాకుల దాకా సాగదీశారు. 2009లో డెలావేర్‌లో ఆరేళ్ల పిల్లాడు ఫోర్కు, స్పూను, చాకు కలిసున్న క్యాంపింగ్ సామాను అన్నం తినడానికి బడికి తెచ్చాడు. నలభై అయిదు రోజులు వేరే బడికి పొమ్మన్నారు. గోల అయ్యాక స్కూలు బోర్డు రూలు మార్చుకుంది. ఇలాంటి విధానాల వల్ల బడులు భద్రంగా మారాయనడానికి ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం తేల్చింది. బడి నుంచి బయటికి పంపినవాళ్లలో నల్లజాతి పిల్లలే తమ సంఖ్యకు మించి ఉన్నారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. చదువుతుంటే మన పేట పిల్లలే గుర్తొచ్చారు.

మరో పాపం మన ఫోన్లలో ఉంది. నేరారోపణ ఎదుర్కొనే పిల్లల పేరు, ఫొటో, చివరికి బడి పేరు కూడా బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయచట్టం 74వ సెక్షన్ అంటోంది. పెడితే జైలు, జరిమానా లేదా రెండూ. మనం మాత్రం ఆ పూటే వాట్సాప్‌లో ఫొటో తిప్పాం, తండ్రి పేరూ వీధి పేరూ జోడించి మరీ. నేరం రుజువైన పిల్లాడికి కూడా ఆ మచ్చ వెంటాడకుండా చట్టం దారి చూపితే, మనం పెన్సిలు చెక్కుకునేవాడికి జన్మంతా మిగిలే పేరు పెట్టాం.

2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. పనులు మానుకుని వెళ్లాం, ఫొటోలు దిగాం. ఆ సమావేశాల్లో ఎందరం ఈ మాట ఎత్తాం?

అయ్యా, అమ్మా, ఈసారి కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు ఒకటే అడగండి. ఈ ఏడాది ఎవరెవరికి టీసీ ఇచ్చారు, ఎందుకిచ్చారు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు? జవాబు దొరక్కపోతే ఆ పిల్లల ఇళ్లకు మనమే వెళ్దాం, చెయ్యి పట్టుకుని మళ్లీ బడికి తెచ్చుకుందాం. వచ్చే సంక్రాంతికి మీ పిల్లల్ని బరి దగ్గరికి తీసుకెళ్లకండి.