ఏలికలు – ఒడంబడిక

ఒక్కని ఆజ్ఞకు వేలమంది ఎందుకు తలవంచాలి? రాజనీతి చింతకులను తరతరాలుగా వేధించిన ప్రశ్న ఇది. అధికారం దైవదత్తమన్నవారు కొందరు; ప్రజలు చేసుకున్న ఒప్పందమే దానికి మూలమన్నవారు మరికొందరు. ఈ రెండవ భావానికి సామాజిక ఒడంబడిక సిద్ధాంతమని పేరు.

ఇది కేవలం ఐరోపా సొత్తని పలువురి అభిప్రాయం. అది సరికాదు. వ్యాసభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు ఒక పూర్వకథ చెబుతాడు. రాజు లేని కాలంలో, పెద్దచేప చిన్నచేపను మింగినట్లు, బలవంతులు బలహీనులను పీడించేవారు. దీనినే మత్స్యన్యాయమంటారు. విసిగిన ప్రజలు బ్రహ్మను వేడుకోగా ఆయన మనువును చూపాడు. మనువు వెంటనే అంగీకరించలేదు. అసత్యవర్తనులైన మానవులను ఏలడం దుష్కరమనీ, పాపం అంటుతుందనీ వెనుదీశాడు. పదవిని వలదన్న తొలి నాయకుడు ఆయనే కాబోలు! పాపం చేసినవారికే అంటుతుందని ప్రజలు ధైర్యం చెప్పి, పశువులలో, బంగారంలో యాభయ్యవవంతు, ధాన్యంలో పదవవంతు ఇస్తామని ఒప్పించారు. పన్ను రక్షణకు ప్రతిఫలమన్న భావం ఇందులో సుస్పష్టం.

ఇంగ్లండులో అంతర్యుద్ధం చెలరేగి, 1649లో మొదటి చార్లెస్ రాజు శిరచ్ఛేదం జరిగింది. ఆ భీతావహ వాతావరణంలోనే థామస్ హాబ్స్ 1651లో ‘లెవియాథన్’ ప్రకటించాడు. ఒకసారి అప్పగించిన అధికారాన్ని ప్రజలు తిరిగి కోరరాదని ఆయన మతం. జాన్ లాక్ 1689లో దీనిని తలకిందులు చేశాడు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడని ప్రభుత్వాన్ని ప్రజలు తొలగించవచ్చునన్నాడు.

భారతం ఎవరి పక్షం? కాపాడతానని చెప్పి కాపాడని రాజును ప్రజలు ఏకమై పిచ్చికుక్కను వధించినట్లు వధించాలని ఆనుశాసనిక పర్వంలో అదే భీష్ముడు అంటాడు. లాక్ సైతం ఇంత కటువుగా పలకలేదు. అంతమాత్రాన ప్రజాస్వామ్యం మనకు ఉగ్గుపాలతో అబ్బిందని చంకలు గుద్దుకోవడం తగదు. రాజు మాట తప్పాడని నిర్ణయించేదెవరు? రక్తపాతం లేకుండా అతణ్ణి దించేదెలా? ఈ ప్రశ్నలకు భీష్ముని మాటలలో సమాధానం లేదు.

ఆ సమాధానం గడువుతో కూడిన పదవి, ఓటు రూపంలో వచ్చింది. 1975లో విధించిన అత్యవసర పరిస్థితి అనంతరం, 1977 మార్చి ఎన్నికలలో భారత ప్రజలు కేంద్రంలోని పాలకపక్షాన్ని ఓటుతోనే గద్దె దించారు. అయితే 1762లో రూసో లేవనెత్తిన సందేహం ఇంకా తీరలేదు. ఎన్నికల రోజుననే ప్రజలు స్వతంత్రులు, ఆ తరువాత కారన్నది ఆయన ఆక్షేపణ. కొన్ని రాష్ట్రాల స్థానిక సంస్థలలో తప్ప, మాట తప్పిన ప్రతినిధిని గడువుకు ముందే వెనుకకు పిలిచే హక్కు మన ఓటరుకు లేదు.