లారీమీది అక్షరము

విజయనగరము జిల్లాలోని కొత్తవలస దారుల కూడలి. హౌరానుండి చెన్నైకి పోవు రైలుమార్గమునుండి కిరండూలు శాఖ ఇచ్చటనే చీలి, అనంతగిరి కొండలనెక్కి, అరకు మీదుగా సాగును. బైలదిల్లా గనుల ఇనుపరాయి ఆ దారినే విశాఖ రేవునకు దిగివచ్చును. రైలు చేరలేని చోటికి సరకును లారీలు చేర్చును. లారీలు ఆగు ఇట్టి ఊళ్లలో టైర్లు బాగుచేయువాడును, టీ కాచువాడును ఉన్నట్లే, రంగుడబ్బాలు ముందుంచుకొని అక్షరములు వ్రాయు పెయింటరును ఉండును. అతని పనిని మనము చిన్నచూపు చూచుచున్నాము. అది తగదని నా అభిప్రాయము.

మొదట ఆ పని ఎట్టిదో చూతము. రేకును బాగుగా తోమి, అడుగురంగు పూసి ఆరనీయవలెను. సుద్దపొడి అద్దిన దారమును రెండు కొసల బిగించి పట్టి, నడుమ లాగి విడిచినచో తిన్నని గీత పడును. ఆ గీతల నడుమ సుద్దతో అక్షరముల రూపు వేసికొనవలెను. పిమ్మట చేయి వణకకుండ మణికట్టును ఒక కఱ్ఱపై ఆనించి, మెత్తని కుంచెతో ఎనామిలు రంగు నింపవలెను. అది ఆరిన తరువాతనే నీడగీత దిద్దవలెను. తొందరపడినచో రెండు రంగులును కలిసిపోవును.

తెలుగు లిపికి ఈ పని మఱింత కష్టము. ‘పైడితల్లి’ అను ఒక్క పేరునకే పైన గుడులును, క్రింద ఒత్తును కావలెను. వానికి చోటు విడువనిచో పై వరుసయు, క్రింది వరుసయు చెడును. లారీ వెనుక తలుపుమీద గొళ్లెములును, గొలుసులును అడ్డుపడుచుండును. వానిని తప్పించుచు పేరును సరిగా ఇముడ్చుట కన్నును, చేయియు, లెక్కయు కలిసిన విద్య.

ఈ వ్రాత అలంకారము మాత్రమే కాదు. యజమాని పేరు, ఖాళీ బండి బరువు, సరకుతో కూడ ఉండదగిన బరువు లారీ ప్రక్కన కనబడును. అక్షరమునకు ఆజ్ఞాపించు శక్తియు కలదు. ‘హారన్ ఓకే ప్లీజ్’ అను మాట అనవసరముగా హారను మ్రోగించుటకు ప్రోత్సహించుచున్నదని, మహారాష్ట్ర ప్రభుత్వము 2015లో దానిని వాణిజ్య వాహనములపై నిషేధించినది. వట్టి సొగసే యైనచో దానికై నిషేధమెందులకు?

‘యంత్రము వచ్చినది గదా, ఇంక చేతిపని యేల?’ అని కొందఱందురు. అందు కొంత నిజము లేకపోలేదు. నంబరు పలక విషయమున యంత్రమే మేలు. 2019 ఏప్రిల్ 1 నుండి అమ్ముడుపోవు క్రొత్త వాహనములకు అధిక భద్రత గల పలకలు తప్పనిసరి యైనవి. దొంగబండిని గుర్తించుటకు అవి తోడ్పడును. అందువలన పెయింటరు ఒక పనిని కోల్పోయినను, లోకమునకు మేలు కలిగినది.

కాని పేరును, దీవెనను కూడ యంత్రమునకే అప్పగింపవలెనా? అంటించిన కాగితము త్వరగా పని ముగించును. కాని ఎండకు పెచ్చులూడినచో దానిని దిద్దుటకు వీలులేదు. కంప్యూటరులో పొరపాటు జరిగినచో ఒత్తు తన అక్షరమును విడిచి వేఱుగా నిలుచును, అట్లే అచ్చుపడును. పెయింటరు మాత్రము తప్పు వ్రాయడా? వ్రాయును. కాని ఎవరైనను చూపినచో కుంచెతో అప్పుడే దిద్దుకొనును.

అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నగరమున ‘ఫిలెటే’ అను చేతిపని కలదు. బండ్లమీద రంగుల తీగలను, అక్షరములను చిత్రించుటతో అది మొదలై, తరువాత లారీలకును, బస్సులకును వ్యాపించినది. 2015లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. బండిమీది బొమ్మయే కదా యని ఆ నగరవాసులు దానిని విడిచిపెట్టలేదు. మన ఊరి పనిని ముందుగా మన ఊరే గౌరవింపవలెను.

గౌరవమనగా జాలి కాదు, పని కల్పించుట. బడి పేరును, సూక్తులను ఫ్లెక్సీపై అచ్చువేయించుటకు మారుగా ఊరి పెయింటరుచే గోడపై వ్రాయింపవలెను. చిరిగిన ఫ్లెక్సీ మట్టిలో కలియదు; వెలిసిన గోడవ్రాతను మరల దిద్దవచ్చును. ఉపాధ్యాయులు వర్ణక్రమమును సరిచూడవలెను. పిల్లలు ప్రక్కన నిలిచి, ఏ గీత ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో గమనింపవలెను. అట్లు చేసినచో అతనికి కూలియు, వారికి చదువును దొరకును.

విద్యార్థులారా! కొత్తవలసలో వ్రాసిన అక్షరము లారీతో కూడ ఒడిషాకును, ఛత్తీస్‌గఢ్‌కును పోవును. దానిని చూచువారు వ్రాసినవాని పేరెఱుగరు. మీరైనను ఈసారి లారీ ఆగినపుడు ఆ అక్షరమును నిదానముగా చదువుడు. అది ఒకని దినమంతటి శ్రమ.