శకుని నేర్పు – ధర్మరాజు సరదా

భారతంలోని ద్యూతఘట్టాన్ని చదివిన విద్యార్థికి ఒక సందేహం కలుగుట సహజం. ధర్మరాజు జూదమాడుట తప్పా, శకునితో ఆడుట తప్పా? ధర్మరాజుకు పాచికలపై మక్కువ ఉన్నది, నేర్పు లేదు. శకునికి నేర్పు ఉన్నది. మక్కువ ఒక వైపున, నేర్పు మరొక వైపున కూర్చున్న చోట న్యాయం నిలుచుట ఎట్లు? ఈ ప్రశ్న నేటికీ పాతబడలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో ఫోను చేతబట్టిన యువకుల ముందుకు అది రమ్మీ, పోకర్ అనే పేర్లతో వచ్చినది.

1967 నవంబరులో సికింద్రాబాదు క్లబ్బు ఒకదానికి సంబంధించిన వ్యాజ్యంలో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుట, దేనిని ఉంచుకొని దేనిని విడువవలెనో నిర్ణయించుట నేర్పే కదా అన్నది న్యాయస్థానం భావన. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టానికే విడిచినది. ఈ విభజన సబబైనదే. కాని వ్యాపారులు దానినుండి తీసిన అర్థం వేరు: నేర్పున్నది గనుక జూదం కాదు; జూదం కాదు గనుక హాని లేదు.

ఈ రెండవ మాటయే విచారింపదగినది. కేవలం అదృష్టంపై నడిచే ఆటలో అందరూ సమానులు. నేర్పు ప్రవేశించగానే ఆ సమానత్వం తొలగును. పేకకట్ట నుండి అయిదు ముక్కలు 25,98,960 విధాలుగా రావచ్చును. ఈ గణితాన్ని అభ్యసించి పగలంతా ఆడే వానికి, పని ముగిసిన పిదప సరదాకు కూర్చున్న రైసుమిల్లు గుమాస్తాకు మధ్య ఒక రాత్రి ఫలితం తారుమారు కావచ్చును. నూరు రాత్రులలో కాదు. నేర్పు ఎంత నిజమో, నేర్వనివాని నష్టం అంత నిశ్చయం.

బడిలెక్కగా చూచినను సత్యం తెలియును. ఆరుగురు తలా నూరు రూపాయలు ఒడ్డినచో పందెం 600. ఆట నడిపిన సంస్థ నూటికి పది చొప్పున తీసుకొన్నచో, పది ఆటలలో దానికి 600 చేరును. ఆరుగురూ సమానులైనను సగటున తలా నూరు పోగొట్టుకొందురు. ఈ రుసుము చెల్లించి కూడా నేర్పరి లాభపడవలెనన్న, ఆ లాభం సరదాగా ఆడువాని జేబు నుండియే రావలెను.

కష్టపడి నేర్చిన విద్యకు ఫలం ఉండరాదా అని నేర్పరి అడుగవచ్చును. ఉండవలసినదే. చదరంగాన్ని చూడుడు. వరంగల్లు యువకుడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగును దాటినాడు. అక్కడ ప్రత్యర్థి బలం ఆటకు ముందే అంకెలలో కనబడును. పోటీ రుసుము ముందే తెలియును. ఓడిన కొలది పెరగదు. ఆన్‌లైను పందెంలో ఎదుటివాడు ముసుగు పేరు మాత్రమే. నష్టానికి హద్దు లేదు. సాగరు ఎడమ కాలువ కింద ఎగువ రైతు నీరంతా వాడుకొన్నచో చివరి భూములు ఎండును. వంతు లేని చోట నేర్పు కూడా అట్టిదే.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నేర్పు ఆటలకు సైతం ఆన్‌లైను పందెం నిషేధించినవి. ఆ నడుమ కాలంలో కోదాడలో నిషిద్ధమైన దానికి సరిహద్దు దాటిన జగ్గయ్యపేటలో అట్టి నిషేధం లేకుండెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒకే చట్టం చేసినది. నడుపువారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించినది. ఆడినవానిని మాత్రం నేరస్థునిగా ఎంచలేదు. ఇది వివేకమే. అయినను చట్టం ఒక తలుపును మూయగలదు గాని ఆశను మూయలేదు. ఆ పని గణితం, భారతం బోధించే ఉపాధ్యాయులది.

నలుడు ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం నేర్చిన పిదపనే పుష్కరుని గెలిచినాడు. నేర్వకముందే రాజ్యం పోయినది, దమయంతి అడవి పాలైనది. ఓడినవాడు నేర్చుకొను వరకు ఏ ఇల్లు నిలిచి యుండును?